కారం మర దగ్గర శుక్రవారాలు

నాకు అక్షరాలు వచ్చింది నలభై దాటాక. అందుకే నా రాత గుండ్రంగా ఉండదు. మాట కూడా ఉండదు. ఎగుమతి కంపెనీల్లో కంప్యూటర్ల ముందు కూర్చునే పిల్లలు కొందరు ఈ మధ్య నా దగ్గరికి వచ్చి, "అమ్మమ్మా, మీ రోజుల్ల విదేశీ రూల్స్ ఎట్లుండె, ఒకటి రాసియ్యి" అన్నారు. రూల్స్ సంగతి నాకేం తెలుసు. ఒక రూలు సముద్రం దాటొచ్చి మా నెత్తిన పడ్డ వారం మాత్రం తెలుసు. దాన్నే రాస్తున్నాను. నచ్చకపోతే చదవడం ఆపేయండి, నాకు కోపం రాదు.

సత్తుపల్లి దాటాక అశ్వారావుపేట రోడ్డు మీద, అడివి మొదలయ్యే చోట, రేకుల షెడ్డుతో ఒక కారం మిల్లు ఉండేది. ఖమ్మంలో తాతల నాటి నుంచి మిర్చి వ్యాపారం చేస్తున్న ముస్లిం కుటుంబం వాళ్లది. యజమానిని అందరం సేటు అనేవాళ్లం. భద్రాచలం కింద గోదావరి ఒడ్డున పండిన కాయ మా దగ్గరికి వచ్చేది. ఆడవాళ్లం తొడిమలు తీసి, రంగుపోయిన తాలుకాయ ఏరేసి, మళ్లీ ఎండబెట్టి ఇచ్చేవాళ్లం. దాన్ని మరలో పోసి కారం పట్టి, సంచులు కుట్టి, మద్రాసు రేవుకు పంపితే అక్కడి నుంచి ఓడలో యూరప్ దేశాలకు పోయేది. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులు అవి. ఆ ఆడవాళ్లందరికీ నేను మేస్త్రీని. పెనుబల్లి వైపు పల్లెల నుంచి కొందరు వచ్చేవారు, లోపలి అడివి గూడేల నుంచి కొందరు. ఆటోలో నుంచి తుమ్ముకుంటూ దిగేవాళ్లం, తుమ్ముకుంటూ ఎక్కేవాళ్లం.

మర నడిపేది ఒక భాయ్. సన్నటి మనిషి, కళ్లకు సుర్మా, చెవి వెనక అత్తరు దూది. పెదవి వెనక ఎప్పుడూ పాన్. మా గుంపులో అందరికన్నా పెద్దది గూడెం అవ్వ. ఆమె నోరు ఊరుకునేది కాదు.

"ఓ భాయ్, ఇంత ఘాటుల అత్తరేందయ్యా? ఎవలకు తెలుస్తది?"

"నాకు తెలుస్తది అవ్వా. చాలదా?"

ఆయన పనితనం ఎక్కడుండేదంటే, మర వేడెక్కనిచ్చేవాడు కాదు. మర వేడెక్కితే కారం నల్లబడుతుంది. చెయ్యి పెట్టి చూసి, ఆపి, చల్లారనిచ్చి, మళ్లీ నడిపేవాడు. ఆయన పట్టిన కారం ఆరబెట్టిన పట్టుచీరలా మెరిసేది. "రంగంతా భాయ్ చేతుల్ల ఉన్నది" అని సేటు వచ్చినోళ్లందరికీ చెప్పుకునేవాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. తర్వాత ఇదే మాట ఆయన మెడకు చుట్టుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం భాయ్ మర ఆపి నమాజుకు పోయేవాడు. ఆ కాస్త తీరికలో మేం మరను తుడిచి, కాయలు పోసే తొట్టి అంచుకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టేవాళ్లం. అన్నం పెట్టే యంత్రం, దాని నోరు పెద్దది, చెయ్యి లోపలికి లాగితే మనిషి మిగలడు. భయమూ ఉంది, భక్తీ ఉంది. బొట్టు పెట్టేది ఎప్పుడూ గూడెం అవ్వే. ఆమె పెట్టే బొట్టు రూపాయి బిళ్లంత ఉండేది, ఒక్కటి పెట్టి ఊరుకునేది కాదు. మిగిలిన కుంకుమ చిటికెడు తొట్టి మీద చల్లి దణ్ణం పెట్టేది. కుంకుమ పొట్లం దాచింది ఎక్కడనుకున్నారు? భాయ్ పనిముట్ల అలమారలో. తడి తగలని చోటు అదొక్కటే. నమాజు నుంచి వచ్చి ఆయన, "అయిందా అవ్వా? స్విచ్ వెయ్యనా?" అని అడిగి, ఆమె ఊ అంటేనే నడిపేవాడు. మా మిల్లులో శుక్రవారం అంటే గట్లుండేది.

ఒక సోమవారం సేటు షెడ్డులోకి వచ్చి మర ఆపమన్నాడు. ఆయన ముఖం చూసి తుమ్ములు కూడా ఆగిపోయాయి.

మా కంటైనర్‌ను అక్కడి రేవులో ఆపేశారట. సంచుల్లో నుంచి కారం తీసి పరీక్ష చేస్తే, తినకూడని ఎర్ర రంగు కనపడిందట. మైనానికీ, బూటు పాలిష్‌కీ వాడే రంగు. కాయకు మెరుపు తేవడానికి అక్కడక్కడ దొంగ వ్యాపారులు ఆ రంగు కలుపుతున్నారని తేలి, ఆ దేశాలన్నీ కలిసి అప్పటికే గట్టి రూలు పెట్టుకున్నాయి. ప్రతి సరుకుకూ పరీక్ష కాగితం ఉండాలి, రంగు ఇసుమంత కనపడినా సరుకు లోపలికి రాదు. ఒక రేవులో ఆగితే మిగతా దేశాలన్నిటికీ కబురు పోతుంది. మా మిల్లు పేరు అట్లా ఊరేగింది.

"రెండో కంటైనర్ తయారుగ ఉన్నది" అన్నాడు సేటు. "తప్పు ఎక్కడ జరిగిందో, దానికి ఏం చేసినమో రాసి పంపాలె. శనివారం లోపల. పంపకపోతే మన సరుకు ఇగ ఎన్నడూ కొనరు."

మద్రాసులో సరుకు ఓడ ఎక్కించే ఏజెంటు ఒకడు ఫోనులో ఆయనకు సులువు చెప్పాడట. ఎవడో పనివాడు సొంత తెలివితో రంగు కలిపాడు, వాణ్ణి తీసేశాం అని రాస్తే కాగితం మూసుకుంటుంది, కొనేవాళ్లకు కావలసింది ఒక పేరు. రంగు అనగానే అందరి కళ్లూ ఎటు తిరిగాయో చెప్పనక్కర్లేదు.

భాయ్ మాత్రం మర మీద చెయ్యి పెట్టి చల్లారిందా లేదా చూస్తున్నాడు.

ఆ పేరు కాగితమ్మీద పడితే ఏమవుతుందో మాకందరికీ తెలుసు. మిర్చి వ్యాపారంలో రంగు మరక పడ్డ మనిషిని ఇంకో మిల్లు గేటు దగ్గరికి రానీయదు. ఆయనకు వచ్చిన పని అదొక్కటే. ముసలి వయసులో పోయి ఎక్కడ ఏం నేర్చుకుంటాడు?

నేను ఊరుకోలేకపోయాను. "సేటూ, పేరే కావాలంటే నా పేరు రాయరాదు. నాకు చదువు రాదు గదా, ఏం రాసినా నాకు తెల్వదు."

"నీ పేరు రాస్తే నమ్మరు" అన్నాడు సేటు విసుగ్గా. "నువ్వు మర ముట్టవు గద."

"ఆయన ముట్టిండని ఆయన కలిపిండా?"

"నేను అన్ననా? నేను అన్ననా ఆయన కలిపిండని?" సేటు కేకేశాడు. ఇరవై ఏళ్ల స్నేహం వాళ్లది. అప్పుడు నాకు ఆయన మీద కోపం వచ్చింది గానీ, ఇప్పుడు జాలిగా ఉంటుంది. మంచివాడికి సులువైన దారి చూపిస్తే అట్లాగే వణుకుతాడు.

సేటు చేసిన మంచి పని ఒకటి, ఏజెంటు చెప్పినట్టు రాసేముందు ఎగుమతి సరుకులు తనిఖీ చేసే సర్కారు ఆఫీసుకు తానే ఫోను చేసి రమ్మన్నాడు. గురువారం పొద్దున్న ఖమ్మం బస్సు దిగి ఒక ఆఫీసరమ్మ వచ్చింది. చిన్న పిల్ల. చెప్పులు విప్పి, తలకు గుడ్డ కట్టుకొని, మాతో పాటు నేల మీద కూర్చొని తొడిమలు తీసింది. రెండు నిమిషాలకే ముక్కు ఎర్రబడి కళ్ల నీళ్లు కారాయి. గూడెం అవ్వ తన కొంగు చించి ఇచ్చింది.

"మేడమ్, ఇంత సదువు సదివి ఈ ఏడుపేంది నీకు?"

"జీతం ఇస్తున్నారవ్వా, ఏడవాలిగా" అంది ఆ పిల్ల. అందరం నవ్వాం. వారంలో అదే మొదటి నవ్వు.

ఆమె మాతో విడమరిచి చెప్పింది. పరీక్ష చేసిన సంచుల్లో రంగు దొరికింది ఒకే సంచిలో. పక్క సంచులు శుభ్రంగా ఉన్నాయి. దొరికిన రంగు కూడా చాలా కొంచెం. మెరుపు కోసం కలిపేవాడు అంత తక్కువ కలపడు, ఒక్క సంచికి కలిపి ఊరుకోడు. "మోసం కాదనిపిస్తోంది నాకు. కానీ కాదు అని రాస్తే సరిపోదు. మరి ఏమిటో రాయాలి. అక్కడివాళ్లకు మన మనసు కనపడదు కదండీ, సంచి కనపడుతుంది."

ఆ రోజంతా మేం చేసే పని ఒక్కొక్కటీ చేయించి చూసింది. కాయ ఆరబోసే పట్టాలు చూసింది, చీపుర్లు, సంచులు కుట్టే దారం, ఆడవాళ్ల గాజులు, చేతి గోరింట కూడా చూసింది. మరను విప్పించింది. ఏమీ దొరకలేదు. పూజ సంగతి మేమెవరం చెప్పలేదు. దాయాలని కాదు. ఆమె అడిగింది పని గురించి. పూజ పని కాదు కదా. నీళ్లు తాగడం ఎట్లాగో అదీ అంతే. దాన్ని లెక్కలోకి తెచ్చిన వాళ్లే లేరు.

సాయంత్రం ఆమె సంచి మీద వేసే ముద్ర ఎట్లా ఉంటుందో చూపించమంది. మా సేటు పద్ధతి గల మనిషి, ప్రతి సంచి మీదా పట్టిన రోజూ పూటా పడతాయి. రేవు నుంచి వచ్చిన కాగితం ప్రకారం, రంగు దొరికిన సంచి శుక్రవారం మధ్యాహ్నం పట్టినది.

"అయితే రేపు కూడా ఉంటాను" అంది. "రేపు నన్ను లెక్కచేయకండి. మామూలుగా చేసుకోండి."

శుక్రవారం వచ్చింది. భాయ్ మర ఆపి, చేతులు కడుక్కొని, నమాజుకు బయల్దేరాడు. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి వెనక్కు చూశాడు. చూసి వెళ్లిపోయాడు. ఆఫీసరమ్మ మూలన స్టూలు మీద కూర్చుంది. అవ్వ అలమారలో నుంచి పొట్లం తీసింది. పసుపు రాసింది. బొట్లు పెట్టింది. మిగిలిన చిటికెడు చల్లింది. ఎర్రటి కాయల మీద ఎర్రటి కుంకుమ పడితే ఎవరికి కనపడుతుంది? ఆ పిల్ల లేచి నిలబడింది.

నమాజు అయ్యి భాయ్ తిరిగి వచ్చాడు. స్విచ్ మీద చెయ్యి వేసి అవ్వ వైపు చూశాడు. "ఒక్క నిమిషం" అంది ఆఫీసరమ్మ. దగ్గరికి వచ్చి తొట్టి మీద వేలు పెట్టబోయింది.

అవ్వ ఆమె చెయ్యి పట్టుకుంది. గట్టిగా. "ఏంది నువ్వు చేస్తున్నది? పెట్టిన బొట్టు తుడుస్తవా? ముత్తైదు మొకం మీదిది తుడిచినట్టు?"

షెడ్డులో ఆడవాళ్లందరం లేచాం. నేను కూడా. నిజం చెబుతున్నాను, ఆ నిమిషంలో ఆ పిల్ల పొరపాటున ఒక్క మాట తేడాగా అని ఉంటే, కంటైనర్ సంగతి పక్కకుపోయి ఇంకేదో రగిలేది. సేటు సాయిబు, భాయ్ సాయిబు, బొట్టు మాది. భాయ్ వెనకే నమాజు నుంచి వచ్చిన సేటు గుమ్మంలోనే ఆగిపోయాడు.

ఆ పిల్ల చెయ్యి వెనక్కు తీసుకోలేదు, గుంజుకోలేదు. అవ్వ చేతిలోనే ఉంచింది. "తుడవనవ్వా. ఒక్కటి అడుగుతాను. మీ ఇంట్లో కూరలో పసుపు వేస్తారా?"

"ఎయ్యకుంటే అదేం కూర?"

"కుంకుమ వేస్తారా?"

"ఏందమ్మా ఆ మాట! కుంకుమ ఎవలన్న తింటరా?"

"తినరు కదా. వాళ్ల రూలు కూడా అదే అంటోందవ్వా."

అవ్వ తొట్టిని చూసింది, పొట్లాన్ని చూసింది. బజారు కుంకుమ అది. మా అమ్మలు పసుపులో సున్నం కలిపి చేసుకునేది కాదు. అందులో ఏ రంగు కలుస్తుందో అమ్మేవాడికీ తెలియదు, కొనే మాకూ తెలియదు. స్విచ్ వేసి మర అదరగానే అదంతా తొట్టి అంచు నుంచి రాలి, ముందు పోసిన కాయతో కలిసి, శుక్రవారం మొదటి సంచిలోకి పోతోంది; అందుకే గురువారం తొట్టి మీద దాని గుర్తు కూడా కనపడలేదు.

అవ్వ కింద కూర్చుంది. "పసిపోరలు తింటరు గద ఆ కారం" అంది చివరికి. ఎక్కడి పిల్లలో, ఏ దేశం పిల్లలో. ఆమెకు భద్రాచలం దాటి తెలియదు.

ఆఫీసరమ్మ భాయ్ వైపు తిరిగింది. "మీకు తెలుసా ఇది?"

ఆయన స్విచ్ మీద నుంచి చెయ్యి తీశాడు. "అనుమానం ఉండె మేడమ్."

"మరి చెప్పలేదేం? మీ పేరే రాయబోతున్నారు కదా?"

"నేను చెప్తే అది కారం సంగతి ఉండదు మేడమ్. ఇంకో సంగతి అయితది. ఈల్లు నాకు అక్కలు. పొట్లం నా అలమారల పెడుతరు. నేను ఎట్ల చెప్త?"

ఆ మాట తర్వాత ఎవరం ఎవరి ముఖమూ చూసుకోలేదు. సేటు బయటికి పోయి గోడకు తిరిగి నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. కారం ఘాటుకని తర్వాత చెప్పుకున్నాడు.

బొట్టు తుడవకూడదు, ఉంచకూడదు. ఏం చేయాలి? తోవ అవ్వే చెప్పింది. మా దిక్కు కొలుపు, అంటే అమ్మవారి జాతర, అయ్యాక తల్లిని సాగనంపుతాం. అట్లాగే సాగనంపుదామంది. బిందెడు పసుపు నీళ్లు తెప్పించి, ఏదో తన భాషలో చెప్పుకుంటూ, తొట్టి మీద పోసి కడిగింది. ఆ నీళ్లు తొక్కుడు పడని చోట, వెనక కరివేపాకు మొదట్లో పోయించింది. తర్వాత గేటు గడప దగ్గరికి నడిచి, అక్కడ బొట్టు పెట్టింది. "ఈడ నుంచి గూడ చూస్తది తల్లి. కండ్లు లేవా ఆమెకు?" అంది. అంతటితో మా పెద్ద గొడవ తీరిపోయింది. చట్టాలు రాసేవాళ్లు అవ్వను ఒక్కసారి సంప్రదించి ఉంటే చాలా కాగితం మిగిలేదు.

పొట్లంలోని కుంకుమ పరీక్షకు పోయింది. ఆ రంగేనని తర్వాత తేలింది. దానికోసం ఆగకుండా శనివారం పంపిన కాగితంలో ఎవరి పేరూ లేదు. కారణం, దిద్దుబాటు, అంతే. దిద్దుబాటు కింద షెడ్డులో ఒక బోర్డు పెట్టాలి, మర దగ్గరికి ఏవి రాకూడదో రాసి. భాయ్ తెలుగు రాత ముత్యాల్లా ఉంటుంది, ఖమ్మం పక్క ఖానాపురం హవేలి బడిలో నేర్చుకున్నాడట. ఆయన్నే రాయమన్నారు.

ఆఫీసరమ్మ చెప్పింది, "మొదట కుంకుమ అని రాయండి."

భాయ్ బ్రష్ పట్టుకొని అట్లాగే నిలబడ్డాడు. "మొదట నాయి రాస్త మేడమ్" అన్నాడు. "అత్తరు. సుర్మా. పాన్. అవి గూడ తినే కారంల పడగూడదు గద." పాన్ ఎట్లాగూ తినే వస్తువే కదా అని నేనంటే, "ఉమ్మేది రాస్తున్న అక్కా" అన్నాడు. అందరం పగలబడి నవ్వాం. ఆ తర్వాత గాజు ముక్క, పూలు, గోరింట, అన్నీ రాసుకుంటూ పోయి, కుంకుమను ఎక్కడో మధ్యలో, మిగతా వాటి మధ్య ఒకటిగా, కూర్చోబెట్టాడు. మర్నాటి నుంచి ఆయన చెవి వెనక దూది లేదు.

రెండో కంటైనర్‌ను అక్కడ రేవులో చాలా రోజులు ఆపారు. ప్రతి సంచినీ గుచ్చి చూశారట. శుభ్రంగా దాటింది. ఆ రోజు సేటు బిర్యానీ చేయించాడు. మాంసం తినని వాళ్లకు వేరే పొయ్యి, వేరే గిన్నె, ఎవరూ అడగకుండానే.

ఆ రూలు మీద అప్పట్లో మాకు కోపం ఉండేది. ఆ రంగు పుట్టిందీ వాళ్ల దేశాల్లోనేనని ఆఫీసరమ్మ చెప్పినప్పుడు ఇంకా మండింది. పుట్టించింది వాళ్లు, మా సంచులు గుచ్చి తప్పు పట్టేదీ వాళ్లేనా అని. కానీ పిల్లలూ, ఆ రూలు లేకపోతే ఆ కుంకుమ ఇంకెన్నేళ్లు ఎవరి కడుపులోకి పోయేదో. మన ఊళ్లో అమ్మే కారాన్ని కూడా అట్లా గుచ్చి చూస్తే బాగుండు అని నాకు ఇప్పటికీ ఉంటుంది. మీరు ఎగుమతి కాగితాలు నింపేటప్పుడు, కారణం అని అడిగిన చోట ఒక మనిషి పేరు రాయడం అన్నిటికన్నా సులువు. ఆ సులువు మీకు ఫోనులో ఎవరో ఒకరు చెబుతారు. అప్పుడు ఒక్క రోజు ఆగండి. శుక్రవారం దాకా ఆగండి. నేను చెప్పగలిగేది ఇంతే.

ఆఫీసరమ్మ వెళ్తూ వెళ్తూ, బోర్డు చదవగలిగే ఆడమనిషి షెడ్డులో ఒక్కరన్నా ఉండాలని సేటుకు చెప్పింది. మేస్త్రీని కాబట్టి నా నెత్తిన పడింది. మధ్యాహ్నం అన్నాలయ్యాక భాయ్ నేల మీద సుద్దముక్కతో రాసి దిద్దించేవాడు. నేను విసుక్కునేదాన్ని, ఆయన విసుక్కునేవాడు కాదు. పలక లేదు, పుస్తకం లేదు. ఆ బోర్డే నాకు బడి.

ఆయన ఇప్పుడు లేడు. అవ్వా లేదు. మర ఉన్న చోట పామాయిల్ తోట వచ్చింది. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ బోర్డు పుణ్యం. బడిలో పిల్లలకు అ అంటే అమ్మ అని చెబుతారు. నేను జీవితంలో మొదటిసారి కూడబలుక్కొని చదివిన మాట, బోర్డు మీద అన్నిటికన్నా పైన ఉన్న మాట. నాకు అ అంటే అత్తరు.